మా తాతయ్య మా ఇంట ఉన్న పదకొండు రోజులు

నిన్న మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన నా మనవడు కంచం ముందు కూర్చుని, అన్నంలో చెయ్యి పెట్టబోయే ముందు కళ్ళు మూసుకుని, చేతులు రెండూ జోడించి, పెదవులు కదిపీ కదపనట్టు ఏదో అనుకున్నాడు. మిషను బడిలో పిల్లలందరిచేతా అలా చేయిస్తారట. మా కోడలు చూసి నవ్వుకుని మామూలుగానే చేపల పులుసు వడ్డించింది, నా కొడుకు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ తన భోజనంలో పడ్డాడు, ఇంట్లో అంతకు మించి ఏమీ జరగలేదు. నేను మాత్రం పంటి నొప్పి అని వంక పెట్టి లేచిపోయాను. కులకట్టు అంటే ఏమిటో ఎరిగిన నా ఈడు వాళ్ళకైనా చెప్పుకుందామని, నాకు అక్షరం ముక్క రాదు గనక, ఇవాళ నేను చెబుతుంటే నా కొడుకు రాస్తున్నాడు. ఈ సంగతి వాడికీ కొత్తే.

వశిష్ట గోదావరి సముద్రంలో కలిసే చోట, నరసాపురానికి దిగువన, ఇసుక దిబ్బల మీద ముప్పై గుడిసెలుండేవి. అందులో ఒకటి మాది. మా అయ్య సముద్రం మీద వేటకు పోయేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టి గంపకెత్తి ఊళ్ళమ్మట అమ్మేది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి ఐదు. అమ్మను కన్న తండ్రి, అంటే మా తాతయ్య, అమ్మమ్మ పోయాక దిక్కుతోచక, ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్నారని తెలిసి రాళ్ళు మోయడానికి వెళ్ళాడట. అక్కడ కలరా తగిలి పాకలో పడి ఉంటే, తోటి కూలీలు భయపడి దగ్గరికి రాకపోతే, మిషను దొరల మతంలో కలిసిన ముసలి దంపతులు ఎవరో గంజినీళ్ళు పోసి బతికించారట. ఆయనా అందులో కలిసిపోయాడు. ఆ కబురు మా ఊరు చేరిన రోజు నుంచీ అమ్మ తన తండ్రి పేరు పెదవి దాటనివ్వలేదు. ఆయన ఉన్నాడనే నాకు తెలియదు.

అలాంటి తాతయ్య ఒకనాడు కాలవ పడవలో నరసాపురం దాకా వచ్చి, అక్కడి నుంచి ఎవరినో బతిమాలి నాటు పడవెక్కి మా గుమ్మంలో దిగాడు. కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి, పూర్తిగా మూసుకుపోయే లోపల పిల్లల్ని ఒక్కసారి చూసి పోదామని వచ్చానన్నాడు. అమ్మ తలుపు వార పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అయ్య చెడ్డవాడు కాదు. "ఉండు మామా, నాలుగు రోజులుండి పో. ఆ ఊసు మాత్రం పిల్లల దగ్గర ఎత్తకు," అన్నాడు. ఎత్తనని తాతయ్య మాట ఇచ్చాడు. ఆయన పడక వలలు పెట్టే పాకలో, తిండి విడిగా ఆకులో. అమ్మ ఆకు దూరాన పెట్టి వెనక్కి జరిగి నిలబడేది గాని, చేపముల్లు ఉంటుందేమోనని కూరను ముందే వేళ్ళతో తడిమి తీసేసి మరీ పెట్టేది.

తాతయ్య చూపుతో పనిలేకుండా, వేళ్ళతోనే చినిగిన వలలు అల్లేవాడు. మేమిద్దరం నూలు చుట్టిన కండె అందిస్తూ ఆయన దగ్గరే పడి ఉండేవాళ్ళం. మూడు రోజులు మాట నిలబెట్టుకున్నాడు. నాలుగో రోజున తమ్ముడు ఆయన మొహం ముందు చెయ్యి ఆడించి, కళ్ళు పోతే నీకు భయం వెయ్యదా అని అడిగాడు. ఆయన చేతిలో వల ఆగిపోయింది. అయ్యకిచ్చిన మాట గుర్తొచ్చి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నాను. చివరికి, చీకట్లో కూడా తనతో ఒకరు ఉంటారు గనక భయం లేదన్నాడు. ఎవరని తమ్ముడు అడిగాడు. ఇక వాడు అడగడానికీ, ఆయన చెప్పడానికీ అడ్డూ ఆపూ లేకపోయింది.

ఆయన చెప్పినవాటిలో మాకు బాగా నచ్చింది ఒక్కటే. ఆ దేవుడు భూమ్మీదికి వచ్చినప్పుడు తనతో ఉండడానికి రాజుల్నీ శాస్త్రులనీ వదిలేసి, ఏటి ఒడ్డున వలలు కడుక్కుంటున్న వాళ్ళను పిలిచాడట. మనలాంటి వాళ్ళనా అని నేను నమ్మలేక రెండు మూడుసార్లు అడిగాను, ఎందుకంటే అమ్మ గంప ఎత్తుకుని వెళితే ఊళ్ళల్లో వాసనని వీధిలోకి కూడా రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళు పట్టేది ఏ చేపని తమ్ముడు అడిగితే, పుస్తకంలో రాయలేదురా అన్నాడు. మరి వలలో చేపలు నిండాయని రాసినవాడు చేప పేరు రాయకపోవడమేమిటని, అది తప్పకుండా పండుగప్పే అయి ఉంటుందని వాడే తేల్చేశాడు. తాతయ్య ఒళ్ళు కదిలేలా నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అన్నం ముందు ఏమనుకోవాలో కూడా నేర్పాడు. పెద్ద మంత్రమేమీ కాదు, తను సొంతంగా కూర్చుకున్న మాటలు: తండ్రీ, ఈ పూట మాకు పెట్టావు, పొయ్యి వెలగని ఇంట్లో కూడా పెట్టు, అని. ఇంట్లో మాత్రం అనకండి, మనసులో అనుకుంటే చాలని చెప్పాడు. నాకు అర్థమైంది. ఐదేళ్ళవాడికి మనసులో అనుకోవడం అంటే ఏం తెలుస్తుంది.

ఆ రోజుల్లోనే అలివి వల వరసగా ఖాళీగా రాసాగింది. ఊరంతా కలిసి ఒడ్డు నుంచి తాళ్ళు పట్టి లాగే పెద్ద వల అది, ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, అందులో చెయ్యి వేస్తేనే వాటా, వాటా ఉంటేనే పొయ్యి. పదోనాడు మధ్యాహ్నం, ఉత్త నాచుతో వల ఒడ్డుకు చేరి, మగవాళ్ళంతా మొహాలు వేలాడేసుకుని గంజి తాగడానికి కూర్చున్న వేళ, తమ్ముడు తన ముంత ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించాడు. ఎవరూ అరవలేదు. ఒక్కొక్కరే ముంత కింద పెట్టారు, అంతే.

మర్నాడు పొద్దున గంగమ్మ గద్దె దగ్గర కూడారు. కులపెద్ద నాకు వరసకు పెదతాత, ఏనాడూ కసురుకున్నవాడు కాదు. నన్ను దగ్గరికి పిలిచి, "నిజం చెప్పమ్మా, మీ తాత నీకు ఆ దేవుడి గురించి ఏమైనా చెప్పాడా?" అని అడిగాడు. తాతయ్య నాలుగు అడుగుల దూరంలో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. "లేదు పెదతాతా, ఆ పేరే నాకు తెలియదు," అన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే అన్నాను. అప్పుడు తమ్ముడు, నాకు ఆ మాటలు రావనుకుని కాబోలు, "నాకొచ్చు నాకొచ్చు" అంటూ ముందుకొచ్చి, చేతులు జోడించి, ఒక్క మాట తప్పకుండా, అందరికీ వినిపించేలా అప్పజెప్పేశాడు. అయ్య వాడి వీపు మీద చరిచాడు. నేను తాతయ్యకేసి చూశాను. ఆ సగం చూపు లేని మొహం తమ్ముడి గొంతు వినపడ్డ వైపుకి తిరిగి ఉంది. దాని మీద సంతోషం లాంటిది ఏదో ఉంది. నా వైపు మాత్రం తిరగలేదు.

ముసలాడు ఇంట ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి వలలో చెయ్యి లేదని, ఆ తర్వాత కూడా రాకపోకలు సాగిస్తే నీళ్ళూ నిప్పూ లేవని తీర్పు చెప్పారు. అయ్య నోరు విప్పే లోపలే తాతయ్య అన్నాడు, "అల్లుడూ, తప్పు నాదే. నీకిచ్చిన మాట తప్పాను. నా వల్ల మీ పొయ్యి ఆరకూడదు." అమ్మ అన్నం మూట కట్టింది. ఇద్దామంటే ఎదురుగా నలుగురూ నిలబడి ఉన్నారు. మూట చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. పడవ వాడు చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఏ వైపు ఒడ్డో తెలియక కాబోలు, తాతయ్య సముద్రం వైపు తిరిగి మాకు దండం పెట్టాడు.

తమ్ముణ్ణి ఆ వారమంతా, ఆ మాటలు మరచిపోయేదాకా కొట్టారు. నన్ను కొట్టలేదు, మంచి పిల్ల అన్నారు. రెండేళ్ళకు, పూర్తిగా చూపు పోయి, తాతయ్య పోయాడని ఉప్పు పడవ వాడెవడో చెప్పాడు. అప్పటికే నెల దాటింది. అమ్మ ఆ పూట కూడా గంప ఎత్తుకునే వెళ్ళింది. ఏడిస్తే ఎవరి కోసమని అడుగుతారు గదా.

నా కొడుక్కి కాలవల ఆఫీసులో ఉద్యోగం వచ్చాక ఒకసారి వాడితో ధవళేశ్వరం వెళ్ళాను. వాడు ఆఫీసు పని చూసుకుంటుంటే నేను ఆ మతంవాళ్ళ సమాధుల దొడ్డి ఎక్కడని అడుగుతూ పోయాను. దొరల సమాధులకు రాళ్ళున్నాయి, పేర్లున్నాయి. కూలివాళ్ళను పెట్టిన చోట గడ్డి ఉంది. కాపలావాడు, ఈ వరసలోనే ఎక్కడో అయి ఉంటుందండి, అని చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. నేను గంగమ్మకే మొక్కుతాను, ఆ దేవుణ్ణి ఏనాడూ నమ్మలేకపోయాను. తాతయ్యకు నచ్చే మాట నాకు వచ్చింది అన్నం ముందు అనుకునేది ఒక్కటే, ఆ ఊసే తెలియదని ఆయన ఎదుటే రెండుసార్లు చెప్పాను. ఏ మట్టి ఆయనదో తెలియని చోట నిలబడి దాన్ని పలకడానికి నోరు రాలేదు. అలాగే తిరిగి వచ్చేశాను.

అమ్మ పోయిన సంవత్సరం తమ్ముణ్ణి అడిగాను, అన్నం ముందు అనుకునే మాటలు నీకేమైనా గుర్తున్నాయా, తాతయ్య నేర్పాడు గదా, అని. వాడిప్పుడు మనవలున్నవాడు, మా ఊరి కులపెద్ద. నా మొహంలోకి చూసి, "ఏ తాతయ్య అక్కా?" అన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఇలాంటివి పట్టించుకునేవాళ్ళు లేరు. ఆ బడిలోనే మా కులం పిల్లలు చదువుతున్నారు, మిషను ఆసుపత్రిలోనే మా ఆడవాళ్ళు పురుళ్ళు పోసుకుంటున్నారు, రైల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అడిగే దిక్కు లేదు. కాలం మారింది, మంచిదే అని అందరూ అంటారు, నేనూ అంటాను. అది మారడానికి పట్టిన ఆ నలభై ఏళ్ళలోనే మా తాతయ్యా అయిపోయాడు, మా అమ్మా అయిపోయింది.