ఇత్తడి రేకు మీద ఒక్క పేరు

మద్రాసులో ఒకప్పుడు తిరిగిన కరెంటు ట్రామ్‌ను నేను కళ్లతో చూడలేదు. మా సికింద్రాబాదులో అలాంటిది ఎప్పుడూ నడవలేదు. అయినా దాని సీట్ల కింద ఎన్ని చెక్క పట్టీలుంటాయో, డ్రైవరు నిలబడే చోట ఇత్తడి పిడి ఏ పక్కకు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఏడు నెలలు దానితోనే బతికాను.

కార్ఖానా బస్తీలో మా ఇంటి కింది భాగం అన్న వర్క్‌షాపు. బిల్డర్లకు అపార్టుమెంట్ల నమూనాలు చేసి ఇవ్వడం ఆయన పని. పై గదిలో నేనుంటాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాన్న రైలు పెట్టెల మీద నంబర్లు రాసే పెయింటరు. సాయంత్రం ఇంటికొచ్చి, పలకకు బదులు డబ్బా రేకు, బలపానికి బదులు కుంచె ఇచ్చి నాతో అక్షరాలు దిద్దించాడు. వర్ణమాల పూర్తిగా రాకముందే గీత వణకకుండా లాగడం వచ్చింది నాకు. ఆ చదువు చెప్పిన నాన్నకూ, చెప్పించిన దేవుడికీ రోజూ దండం పెట్టుకుంటాను. నాన్న పోయాక అన్న నన్ను వేరుగా చూడలేదు. తిండి పెట్టాడు, చేతికి పని ఇచ్చాడు. ఇదీ నిజమే కాబట్టి ముందే రాస్తున్నాను.

ట్రామ్ ఆర్డరు ఇచ్చినాయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ హోటళ్లు పెట్టినవాడు. ఆయన తాతగారు మద్రాసులో ట్రామ్ కండక్టరట. కొత్త హోటల్లో అడుగు పెట్టగానే కనిపించేలా, అసలు బండిలో ఎనిమిదో వంతు, నాలుగడుగుల నమూనా కావాలన్నాడు. మూడు పాత ఫొటోలు ఇచ్చాడు. డబ్బా, చక్రాలు, పైకప్పు, కరెంటు తీగను అందుకునే పొడవాటి కర్ర అన్న చేశాడు. ఆ పనికి వంక పెట్టలేం. కానీ అంతవరకూ అది రంగు వేయని పెద్ద పెట్టె. దాన్ని మనుషులు ఎక్కి దిగిన బండిలా చేయవలసింది నేను.

పని నాకు అప్పగిస్తూ అన్న మాట ఇచ్చాడు. "చెల్లె, దీని కింద ఇత్తడి రేకు పెడతం గద. దాని మీద ఇద్దరి పేర్లు రాయిస్తా. నాది, నీది."

ఇరవై ఏళ్లకు పైగా ఆయన నమూనాలకు కిటికీలు, గేట్లు, చెట్లు చేస్తున్నాను. రేషన్ కార్డు మీద తప్ప నా పేరు ఎక్కడా ఎవరూ రాయించలేదు. ఆశ పడ్డాను. దేవుడి ముందు కూడా ఆ ఆశ చెప్పుకున్నాను.

ఆ ట్రామ్‌లో సీట్లు పేముతో అల్లినవి. అంత సన్నటి పేము ఎక్కడ దొరుకుతుంది? కుట్టుదారాన్ని టీ డికాక్షన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, సూదితో అల్లాను. ఇరవై నాలుగు సీట్లు. నిలబడినవాళ్లు పట్టుకునే తోలు పట్టీలు నాన్న పాత వాచీ బెల్టులోంచి కోశాను. ఇత్తడి కడ్డీలకు చేతులు పడే చోటే మెరుపు ఉండాలి, మిగతా చోట నల్లబడి ఉండాలి. అందుకని ఆ కాస్త మేరా చింతపండుతో తోమాను. ఇక రివెట్లు. గుండుసూది మొనతో జిగురు చుక్క పెడితే ఆరి గుండ్రంగా నిలుస్తుంది, రంగు పడ్డాక ఇనుముదే అనిపిస్తుంది. చుక్కకొక రామనామం అనుకుంటూ పెట్టాను. అలాగైతే చెయ్యి తొందరపడదు.

అన్న చూసి, "ఏందీ, రామకోటి పుస్తకం నిండిందని ట్రామ్ మీద రాస్తున్నవా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

చివరగా ముందు వైపు మీగడరంగు పలక. దాని చుట్టూ బంగారు గీత, మధ్యలో బండి నంబరు. నాన్న నేర్పినట్టు ఊపిరి బిగబట్టి రాశాను. పైన వార్నిష్ పూసి, రెండు రోజులు ఎవరూ ముట్టవద్దని చెప్పి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అన్నా వదినా పూజ సామానుతో వచ్చారు. మధ్యాహ్నం హోటలాయన చూసుకోవడానికి వస్తున్నాడు, పదిన్నర లోపు మంచిదని పంతులుగారు చెప్పారట. స్కూటరుకు చేస్తాం, కారుకు చేస్తాం, కొత్త బండిని పూజ లేకుండా గడప ఎలా దాటిస్తామని వదిన పట్టుబట్టింది. చక్రాల కింద పెట్టడానికి నాలుగు బుల్లి నిమ్మకాయలు కూడా వెతికి తెచ్చింది.

"అన్న, వార్నిష్ ఇంకా పచ్చిగనే ఉంది. ఇయ్యాల దండం పెట్టుకుందం. బొట్టు రేపు పెడదం," అన్నాను.

"నువ్వే గిట్లంటే ఎట్ల చెల్లె? రోజుకు రెండు గంటలు దేవుని ముందట కూసుంటవ్. దేవుని పని రేపటికి ఆపుతవా?"

 దేవుడు ఒక రోజు ఆగుతాడు, వార్నిష్ మాత్రం తొందరపెడితే ఆరదు అని అప్పుడే అనవలసింది. అన్న తడి పసుపులో మూడు వేళ్లు ముంచి మీగడరంగు పలక మీద అడ్డంగా లాగాడు. మధ్యలో కుంకుమ పెట్టాడు. హారతి పళ్లెం నా చేతికిచ్చాడు. హారతి ఇచ్చాను.

తర్వాత తడిబట్టతో తుడిస్తే కుంకుమ పోయింది, పసుపు పోలేదు. ఇంకాస్త రుద్దితే బంగారు గీత లేచి వచ్చింది. ఏం చేయాలో తోచకముందే బయట కారు ఆగింది. మధ్యాహ్నం వస్తానన్న మనిషి ముందే వచ్చేశాడు.

ఆయన వంగి సీట్లను చాలాసేపు చూశాడు. ఒక తోలు పట్టీని చిటికెన వేలితో కదిపి చూశాడు. తర్వాత ముందు వైపుకు వచ్చాడు. "ఈ మరకేంటండీ?"

అన్న తడుముకోలేదు. "మా చెల్లె సార్. జెర భక్తి ఎక్కువ. చదువుకోలే, తెల్వక బొట్టు పెట్టింది, నేను లేనప్పుడు."

కారు ఆగగానే పక్కకు తీసేద్దామని ఎత్తిన హారతి పళ్లెం ఇంకా నా చేతిలోనే ఉంది.

"పర్లేదమ్మా. మా నాయనమ్మ కూడా అంతే, టీవీకి కూడా బొట్టు పెట్టేది," అన్నాడు హోటలాయన మర్యాదగా. అన్న నవ్వాడు. వదిన నేల చూసింది. నేను తల ఊపాను. తిండి పెట్టిన మనిషిని పరాయివాళ్ల ముందు అబద్ధాలకోరును చేయలేకపోయాను. నేను చేయలేనని ఆయనకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాడు.

ఆ పలకంతా గీకి, మళ్లీ రంగు వేసి, గీత లాగి, నంబరు రాసి ఇవ్వడానికి వారం పట్టింది. ఆ వారం చివర రేకు వచ్చింది. దాని మీద ఒక్క పేరే ఉంది. అన్నను నేను నిలదీసి అడిగింది నా జన్మలో అదొక్కసారే.

"నీ పేరు పెడితే, బొట్టు పెట్టి ఖరాబు చేసినామెనే గిదంత చేసిందా అంటడు. అప్పుడు నేనేం చెప్పాలె? అయిపోయింది గద, పరేషాన్ చెయ్యకు చెల్లె," అన్నాడు.

ఆయన ఆడిన అబద్ధం నిలవాలంటే నా ఏడు నెలలు కూడా నావి కాకుండా పోవాలన్నమాట. హోటలు తెరిచిన రోజు నన్నూ తీసుకెళ్లారు. ఎవరో సీట్ల అల్లిక చూసి ఇది ఎవరి చేతిపని అని అడిగితే, మా దగ్గర చేసిందే అన్నాడు అన్న. పట్టుచీర కట్టుకుని, జ్యూస్ గ్లాసు పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మొన్నామధ్య అదే హోటలాయన రెండో ట్రామ్ అడిగాడు. అన్న ఫొటోలు పట్టుకుని పై గదికి వచ్చాడు.

"ముందు రెండు పేర్లతోని రేకు చేయించుకొని రా అన్న. అది నా బల్ల మీద పెట్టినంక సూది పట్టుకుంటా," అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఫొటోలు సర్దుకుని కిందికి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఏ.ఎస్. రావు నగర్‌లో మిషను మీద పోత పోయించిన సీట్లు ఒక అట్టపెట్టెలో వచ్చాయి. చూడమని వదిన ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టింది. పేము అల్లిక అచ్చం దిగింది. ఎడమ మూలన మాత్రం ఒక పోగు దాటిపోయి ఉంది. అది నాకు తెలుసు. మొదటి ట్రామ్‌కు అల్లుతూ ఒక సీటులో పోగు తప్పి, దాన్ని పక్కన పడేసి ఇంకొకటి అల్లాను. పడేసినదాన్నే నమూనాగా ఇచ్చి వచ్చారు. కిందికి వెళ్లి పెట్టె విప్పి చూశాను. ఇరవై నాలుగింటికీ అదే మూల, అదే పోగు.

బాగున్నాయా అని అడిగింది వదిన. బాగున్నాయన్నాను. అన్న పేరొక్కటే రాసిన రేకు అప్పటికే తయారై ఆయన బల్ల మీద ఉంది.