తొమ్మిది పదిహేడుకు రాని గాలి

పోయిన వారం ఉయ్యూరులో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఉన్నట్టుండి గాలి లేచి షామియానా ఒక పక్క ఊడి ఎగిరింది. సాంబారు గిన్నెలు కాపాడేవాళ్లు కొందరు, తాళ్లు పట్టుకుని వేలాడేవాళ్లు కొందరు. నేనొక్కదాన్నే విస్తరి ముందు కూర్చుని పకపకా నవ్వాను. "ఏమైందండీ మీకు?" అంది పక్కనావిడ. ఏం చెప్పను? షామియానా గుడ్డ గాలి నింపుకుంటే ఎంత దూరం పోతుందో నేను కళ్లారా చూశాను.

మా మేనత్త లెక్కల టీచరు. చిన్నప్పుడు బందరు కాలువలో తెరచాప ఎత్తుకుని పోయే బియ్యం పడవల్ని చూసి, "నేనూ ఒకటి నడుపుతాను" అందట. అందరూ నవ్వారు. రిటైరయ్యాక మళ్లీ అంది, మళ్లీ నవ్వారు. ఈసారి ఆవిడ లెక్కచెయ్యలేదు. రెండేళ్లు ప్రతి ఆదివారం నాగాయలంక బస్సెక్కి, అక్కడొక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని, పాత పడవొకటి కొని లారీలో బెజవాడ తెచ్చింది. తెరచాప కుట్టించడానికి నన్ను వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో షామియానాలు కుట్టే సాయిబు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన కొలతలన్నీ రాసుకుని, "పెళ్లెవరికమ్మా?" అన్నారు. "నాకూ గాలికీనండీ" అంది అత్త. ఆయన ఎర్ర చారలూ పచ్చ చారలూ ఉన్న గుడ్డ ఏరి మరీ కుట్టారు.

ఇక మా నాన్న. చెల్లెలు మునిగిపోతుందని ఆయన భయం, నలుగురూ నవ్వుతారని అంతకు మించిన భయం. ఆపలేక ముహూర్తం పెట్టించారు, పొద్దున తొమ్మిది పదిహేడుకి. "పైరగాలి వచ్చేది సాయంత్రం అన్నయ్యా" అంటే, "గాలికి అక్కర్లేదేమో, మనకి ముహూర్తం కావాలి" అన్నారు. బ్యారేజీకి ఎగువన ఘాట్ దగ్గరికి చుట్టాలందరూ పులిహోర డబ్బాలతో దిగారు. పడవకి పసుపూ కుంకుమా పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, అత్త తెరచాప ఎత్తింది. ఆకు కదల్లేదు! ఆ చారల గుడ్డ తడిసిన కోకలా వేలాడింది. "షామియానా అద్దెకిస్తారాండీ?" అని మెట్ల మీంచి ఎవరో కేకేశారు. మావాళ్లే ముందు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"దిగవే, పరువు పోతోంది" అన్నారు నాన్న.

"గాలికి పంచాంగం తెలీదన్నయ్యా. వచ్చేదాకా దిగను."

"పొద్దుగూకేలోగా కదలకపోతే పడవ అమ్మేయాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా. కదిలితే ఇంకెప్పుడూ నాకు అడ్డం రాకూడదు."

అలా పట్టాభిషేకానికి కూర్చున్నట్టు పడవలో కూర్చుంది, లైఫ్ జాకెట్ కట్టుకుని, గొడుగు వేసుకుని, పులిహోర తింటూ. చుట్టాలు ఒక్కొక్కరే జారుకున్నారు. నాన్న మాత్రం మెట్ల మీద కూర్చుని గడియారం చూస్తూ, మధ్యమధ్య మంచినీళ్లు పంపిస్తూ ఉన్నారు. మూడయింది. నాలుగయింది. అత్త మొహం మొదటిసారి చిన్నబోయింది. "రాదేమోనే" అంది గట్టు మెట్టు మీదున్న నాతో మెల్లగా. నాకు ఏడుపొచ్చింది.

నాలుగున్నరకి నా మెడ మీద చల్లగా తగిలింది. తూర్పు నుంచి పైరగాలి! చారల గుడ్డ ఒక్కసారి దబ్బుమని ఉబ్బింది, పడవని గట్టుకి కట్టిన తాడు బిగిసింది. "విప్పవే, విప్పు!" అని అరిచింది అత్త. విప్పేశాను. పడవ కొండపల్లి వైపు, ఏటికి ఎదురు, ఎవరూ తొయ్యకుండా పోయింది. అమ్మయ్య, ఎంత ఆనందమో! గట్టునున్న వాళ్లందరికీ వినపడేలా ఈల వేశాను, అప్పటికి నలభై ఏళ్ల ఆడదాన్ని. నాన్న పంచె ఎగ్గట్టి మెట్ల వెంట పరుగెడుతూ, "జాగ్రత్తే! చుక్కాని సరిగ్గా పట్టుకో!" అని అరుస్తున్నారు, ఆయనే నేర్పినట్టు.

అత్తకిప్పుడు డెబ్బై దాటాయి, పడవ దిగలేదు. వచ్చే ఆదివారం నుంచి నేను నేర్చుకుంటానంటే, "యాభై దాటాక ఇప్పుడెందుకే?" అంటున్నారు ఇంట్లో. అననీ. నాలుగున్నరకి గాలొచ్చిన మా అత్త గడియారంలో నాకింకా తొమ్మిది పదిహేడే అయింది.