ధాన్యం అడగబోయి ధ్యానంలో కూర్చున్నాను

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. డెబ్బై వచ్చినా ఒత్తుల దగ్గర ఇంకా తడబడతాను. ఒకసారి ప్రొద్దుటూరులో 'ధ్యాన కేంద్రం' అనే బోర్డును 'ధాన్య కేంద్రం' అని చదివి, వడ్ల ధర అడుగుదామని లోపలికి పోయాను. బుద్ధుడి పటం ముందు పదిమంది కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు.

"ఈడ వడ్లు కొనరు మామా. బుద్ధుడు చెప్పినట్టు ఊపిరిని గమనిస్తాం. కూచుంటావా?" అన్నాడు నేర్పే ఆయన.

"పంట ఇంటికొచ్చినాక చూద్దాంలేప్పా."

"ఇన్నేండ్లలో ఎన్ని పంటలొచ్చినాయి మామా?"

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన అడిగింది నిజమే. యాభైకి పైగా పంటలు ఇంటికి తెచ్చాను, ఒక్కటీ నాకు తీరిక తేలేదు. ఇంకెన్ని చూస్తానో తెలియదు. అప్పుడే చెప్పులు విడిచి కూర్చున్నాను. మోకాళ్లు నొప్పి పుట్టాయి, మనసు చేను చుట్టూ తిరిగింది. అయినా లేవలేదు.

ఇప్పుడు రోజూ తెల్లవారగానే ఇంట్లో అరగంట కూర్చుంటాను. మొన్న శనగ కోతలప్పుడు కూడా మానలేదు. కూలీలు వాకిట్లోకి వచ్చి పిలిస్తే నా భార్య, "రోంతసేపు ఉండండప్పా, మీ మామ ఊపిరి ఆడతాందో లేదో చూసుకుంటాండాడు," అంది. వాళ్లు పగలబడి నవ్వారు. నేను కళ్లు తెరవలేదు.