గట్టు తగాదా రాకుండా

లండన్ శివారు హారోలో మా పక్కింటి అంకుల్, అక్కడి మునిసిపల్ కౌన్సిల్ అద్దెకిచ్చిన కూరగాయల మడిని "మా ఎస్టేట్" అనేవారు. గోదావరి జిల్లా మనిషి; మడిలో అడుగుపెడితే చాలు, బూటు మడమతో మట్టిలో గీత గీయందే మాట మొదలుపెట్టేవారు కాదు. ఓ ఆదివారం పిల్లలిద్దరినీ అక్కడే నిలబెట్టి పంపకాలు చేశారు.

"గోంగూర అబ్బాయికి, బచ్చలి అమ్మాయికి. రేపు గట్టు తగాదాలొస్తే నా పరువేం కావాలి?" అంటూ ఇద్దరి మధ్యా గీత లాగారు.

చలికి ముడుచుకుపోయిన ఆ గోంగూరని కొడుకు గడ్డి అనుకుని తొక్కేశాడు. కూతురు నవ్వాపుకుంటూ, "డాడ్, ఇట్స్ నాట్ యువర్స్! ఇట్స్ ది కౌన్సిల్స్!" అంది.

అంకుల్ తడుముకోలేదు. మూలనున్న ముళ్లకంప దాకా నడిచి, దాని చుట్టూ కూడా మడమతో గీత గీశారు.

"వాళ్లని మాత్రం ఉత్త చేతుల్తో పంపుతానా? ఇదీ కౌన్సిల్ వాటా."