ఓడలరేవు షెడ్డు తాళంకప్ప

ఆ తాళంకప్పను నేను మొదటిసారి చూసింది మా ఆయన బండి టైరు పంక్చరైన రోజున. ఓడలరేవులో చుట్టాలింట్లో అన్నప్రాశనకు వెళ్ళి అమలాపురం తిరిగొస్తున్నాం. ఆయన బండి తోసుకుంటూ షాపు వెతుక్కుంటూ ముందుకెళ్ళారు. ఎండ భరించలేక నేను రోడ్డు పక్కన రొయ్యల చెరువు గట్టు మీదున్న రేకుల షెడ్డు దగ్గరికి నడిచాను. నీడ కోసమే వెళ్ళాను. తలుపు మీద తాళం కనబడ్డాక నీడ సంగతి మరిచిపోయాను.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. తాళాల పిచ్చి పట్టి కొన్నేళ్ళయింది. స్టాఫ్‌రూమ్ బీరువా తాళం ఓసారి పట్టేస్తే, పాడైపోయిన దాన్ని ఇంటికి తెచ్చి విప్పి చూశాను. అంత చిన్న చోట అన్ని ముక్కలు ఒకదాని కోసం ఒకటి కదలడం నన్ను వదల్లేదు. అప్పట్నుంచి తాటిపాక, జొన్నాడ వైపు పాతసామాను కొట్లలో తుప్పు కప్పలు ఏరుకొస్తుంటాను. ఫోన్లో మాకో గ్రూపు కూడా ఉంది. ఎవరో ఒకరు వింత తాళం ఫొటో పెడతారు, అదేమిటో మిగతావాళ్ళు పోల్చాలి. మా కట్టుబాట్లు రెండే. వాడుకలో ఉన్న తాళం మీద చెయ్యి వెయ్యకూడదు. ఎవరి తాళంచెవి ఫొటో అయినా ఎక్కడా పెట్టకూడదు, ఆ ఫొటో చూసి నకలు చేసేవాళ్ళుంటారు గనక.

ఈ కప్ప మీద కంపెనీ పేరు అరిగిపోయింది. వంకీకి రెండు పక్కలా మందపాటి ఇనుప భుజాలున్నాయి, రంపం పెట్టడానికి సందు లేదు. తాళంచెవి దూరే చోట చిన్న రేకు మూత. సముద్రం అంత దగ్గర్లో, తలుపు రేకే చిల్లులు పడుతుంటే, ఇది మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. ఒక ఫొటో తీసి, మా ఆయన పిలుస్తుంటే వెళ్ళిపోయాను.

ఆ ఫొటో గ్రూపులో పెట్టగానే గొడవ మొదలైంది. ఒకరు ఫలానా దేశానిదన్నారు, ఇంకొకరు నకిలీ సరుకన్నారు. కోయంబత్తూరులో ఉండే ఒక పెద్దాయన మాత్రం, "మూత పక్కకి జరిగితే రంధ్రం ఆకారం కనబడుతుంది. అది చూడకుండా ఎవరూ చెప్పలేరు," అన్నారు. ఆ వారమంతా నాకు కుదురు లేదు. కూర పొయ్యి మీద పెట్టి ఫోన్లో ఆ ఫొటోనే పెద్దది చేసి చూసుకునేదాన్ని.

"షెడ్ల దగ్గర నిలబడి తాళాలు ఫొటోలు తీస్తే జనం ఏవనుకుంటారో తెలుసా నీకు?" అన్నారు మా ఆయన.

"యజమానిని అడిగే చూస్తానండీ," అన్నాను.

ఆదివారం బస్సెక్కి ఒక్కదాన్నీ వెళ్ళాను. షెడ్డు దగ్గర ఎవరూ లేరు. పిలిచినా పలికేవాళ్ళు లేరు. ఎవరైనా వచ్చేదాకా ఆగుదామనే అనుకున్నాను గానీ కాళ్ళు ఆగలేదు. తలుపు దగ్గర వంగి, ఫోను దగ్గరగా పెట్టి ఇంకో ఫొటో తీస్తున్నాను.

"ఎవరండీ మీరు? అక్కడేం పనండీ మీకు?"

చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కున్న యాభై ఏళ్ళావిడ గట్టు మీంచి గబగబా వస్తోంది. చెరువు ఆవిడదే. కేకకి పక్క చెరువు మీదున్న మనుషులిద్దరు కూడా వచ్చారు. ఫోను చూపించమన్నారు. చూపించాను. షట్టర్ల తాళాలు, గేట్ల తాళాలు, పడవ గొలుసుల తాళాలు, వేలితో ఎంత తోసినా తాళాలే. వాళ్ళ మొహాలు మారిపోయాయి. 

"ఈమధ్యే మా మోటార్లు రెండు పోయేయండి ఈ షెడ్లోంచే. మీరొచ్చి తాళం ఫొటో తీసుకుంటున్నారు. ఏవనుకోవాలండీ?" అందావిడ.

టీచర్నని చెప్పాను. బడి కార్డు చూపించాను. అవసరమైతే నన్ను పట్టుకోవడానికి నా ఫోన్నుంచి తన నంబరుకి రింగిచ్చుకుంది. తాళాల సరదా గురించి నాకొచ్చినట్టు చెప్పుకున్నాను. అంతా విని, మొలలోంచి తాళంచెవి తీసి, "అయితే చెప్పండి, ఇదేం తాళవో," అంది.

ముందు నా ఫోను ఆవిడ చేతిలో పెట్టేసి, అప్పుడు తాళంచెవి తీసుకున్నాను. సగం చీల్చిన పుల్లలా ఒక వైపు గుండ్రం, ఒక వైపు చదును. దాని మీద గాట్లు ఒక్కోటి ఒక్కో వాలుగా ఉన్నాయి. భయం మరిచిపోయి దాన్ని వెలుతురుకి పెట్టి తిప్పి చూశాను.

"ఇందులో స్ప్రింగులుండవండి. బిళ్ళలుంటాయి, వరసగా. తాళంచెవి తిప్పితే ఒక్కో బిళ్ళా ఒక్కో కోణంలో ఆగుతుంది. అన్నిటి గాట్లూ ఒక్క గీత మీదకొస్తేనే పక్కనున్న కడ్డీ లోపలికి దిగి తెరుచుకుంటుంది. స్ప్రింగుల్లేవు కాబట్టే ఉప్పుగాలికి పట్టెయ్యదండి."

"ఆయ్, అదే నిజవండి," అంది ఆవిడ మెత్తబడి. "మా ఆయన గల్ఫులో ఓడరేవులో పని చేత్తారండి. అక్కణ్ణుంచి తెచ్చేరు. మామూలు కప్పలు ఇక్కడ నిలబడవండి." మళ్ళీ అడిగింది, "తాళంచెవి లేకుండా దీన్ని తియ్యగలరాండీ ఎవరైనా?"

"మా గ్రూపులో ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాళ్ళకే కష్టవండి. దారిన పోయే దొంగ వల్ల కాదు."

ఆవిడ పక్కవాళ్ళ వైపు తిరిగింది. "విన్నారా? నే చెప్పలేదూ? తాళం వేసింది వేసినట్టే ఉంది, మోటార్లు లేవు. రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందీ?"

చెరువు కాపలా మనిషి దగ్గర ఉందట. చెరువు తవ్వినప్పట్నుంచీ ఉన్న మనిషట. అతని ఇల్లు వెతికించి, ఏమీ దొరక్కపోయినా పనిలోంచి తీసేశారట.

ఫోను నాకిచ్చేసి, ఆటో దాకా తోడొచ్చి సాగనంపిందావిడ. రంధ్రం ఆకారం బొమ్మ గీసి పంపితే కోయంబత్తూరు పెద్దాయన అది ఏ రకమో, ఏ దేశపు తయారీయో పేరుతో సహా చెప్పారు. గ్రూపంతా నన్ను మెచ్చుకుంది. అన్నాళ్ళు ఎదురుచూసిన మాట వచ్చినా నాకు అన్నం సయించలేదు. నేను చూడని మనిషొకడు, నా మాటతో మరోసారి దొంగయ్యాడు. మర్నాడు బోర్డు మీద తేలిక లెక్క తప్పు చేస్తే పిల్లలే దిద్దారు.

మధ్యాహ్నం భోజనాల వేళ బాక్సు మూత తియ్యకుండానే ఆ రెండో ఫొటో మళ్ళీ తెరిచాను. ఈసారి కప్పను చూడలేదు. దాన్ని తగిలించిన గొళ్ళెం పట్టీని చూశాను. పట్టీ మొత్తం తుప్పు. తలుపుకి దాన్ని బిగించిన స్క్రూలు నాలుగూ బయటికే కనబడుతున్నాయి. వాటి తలల మీద గాట్లలో మాత్రం తుప్పు లేదు, ఇనుము తెల్లగా మెరుస్తోంది. మొదటి ఫొటోలోనూ ఉన్నాయవి, గ్రూపులో అంతమంది చూశాం. ఒక్కరమూ కప్ప దాటి చూడలేదు.

వెంటనే ఫోన్ చేశాను. "తాళం వదిలెయ్యండి. పట్టీ స్క్రూలు తిప్పి చూడండి ఒక్కసారి."

ఫోను పెట్టెయ్యకుండానే ఆవిడ షెడ్డు దగ్గరికి నడిచింది, వెనక చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు వినబడుతోంది. తర్వాత ఆవిడ గొంతు. "ఊడొచ్చేసేయండి. వేలితో తిప్పితేనే వచ్చేసేయి. పట్టీ, తాళం కలిపి నా చేతిలోకొచ్చేసేయండి." మళ్ళీ హోరు. "ఆ కాపలా ఆయన ఇంట్లో బియ్యం డబ్బా కూడా వొంపించేనండి నేను."

అతని దగ్గరికి వెళుతూ నన్ను కూడా రమ్మంది. ఈసారి మా ఆయన తీసుకెళ్ళారు. కాపలా మనిషి ఒక ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. బక్కపలచటి మనిషి, తలకి తువ్వాలు. పట్టీ చూపించి, దొంగ తాళం జోలికి పోకుండా స్క్రూలు విప్పి మళ్ళీ పెట్టేశాడని నేను చెప్పిందంతా కదలకుండా విన్నాడు.

"నాకు తెలుసు కదండీ నేను తియ్యలేదని," అన్నాడు. తర్వాత ఆవిడ వైపు చూసి, "వెతికినప్పుడు మా వీధంతా ఉందండి. ఇప్పుడిక్కడ చెబితే ఎవరికి వినబడద్దండీ?"

 ఆ సాయంత్రమే ఆవిడ అతని వీధిలోకి వెళ్ళి, అరుగుల మీదున్నవాళ్ళందరికీ వినబడేలా, "తప్పు నాదండి. ఈయన తియ్యలేదు," అంది.   అతని భార్య గుమ్మంలోంచి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి, చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి వేళ ఆవిడ ఫోన్ చేసింది. అతను పనిలోకి వచ్చాడట.

"వచ్చేడు గానండీ, తాళంచెవి ముట్టుకోనంటన్నాడు. మీ దగ్గరే ఉంచుకోండమ్మా అంటాడు. ఎంత చెప్పినా వినడంలేదండి."

 మోటార్లు ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తెలియదు. షెడ్డు తలుపు తీయాల్సి వచ్చిన ప్రతిసారీ అతను గట్టు చివరిదాకా నడిచి ఆవిడని పిలుచుకొస్తున్నాడట.