గేరు మీద చుక్క

చోడవరంలో వడ్డాది రోడ్డు మీద వజీర్ మెకానిక్ షెడ్డు ఉంది. స్పానర్లు వేసుకునే రేకు డబ్బాలో ఎర్ర గోళ్ళరంగు సీసా ఒకటి ఎప్పుడూ కనబడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. ఇంజను కిందిభాగాన్నీ పైభాగాన్నీ కలిపి తిప్పే టైమింగ్ బెల్టు విప్పేముందు గేరులో ఏ పన్ను ఎక్కడుందో గుర్తుండాలి కదా. వజీర్ గేరు మీద ఒక చుక్క, దానికి ఎదురుగా ఇంజను మీద ఒక చుక్క పెడతాడు. పెయింటు ఓ పట్టాన ఆరదు, సుద్దగీత చెయ్యి తగిలితే పోతుంది. గోళ్ళరంగు చిటికెలో ఆరిపోతుంది, నూనె పడ్డా ఉంటుంది. ఆ సీసాలన్నీ భార్య సుగ్రా బేగంవి. ఆవిడ కొనుక్కోవడం, ఈయన పట్టుకుపోవడం. పెళ్ళయినప్పటినుంచీ ఇదే వరస.

ఇన్నేళ్ళుగా చుక్కని నమ్ముకుని బతికినవాడికి చుక్క కనబడితే చాలు, చెయ్యి దానంతటదే అటు పోతుంది. ఆ అలవాటే ఒకసారి ఆయన్ని ముంచబోయింది.

వజీర్ సొంతూరు అనకాపల్లి. తండ్రి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. చిన్నప్పుడు వజీర్ ఒక మిషను విప్పుకుని, పైనుంచి సూది దిగే వేళకే కిందనుంచి కొక్కెం వచ్చి దారాన్ని ఎలా పట్టుకుంటోందో చూస్తూ కూర్చునేవాడట. మిషను తాలూకు మనుషులొచ్చి కేకలేసినా కదిలేవాడు కాదట. చోడవరం వచ్చి స్థిరపడ్డాక చెరకు ట్రాక్టర్లు, ఆటోలు, జీపులు ఎన్ని చేశాడో లెక్కలేదు. బండి బాగైపోయినా వదలడు, ఎందుకు పాడైందో తేలాలి. "ఇది ఏటికి పాడైంది" అని బండివాణ్ణి నిలబెట్టి అడుగుతాడు. వాళ్ళు విసుక్కుని పేరు పెట్టేశారు, ఏటికి వజీర్ అని.

ఈ ఏటికి వజీర్ దగ్గరికి కె.కోటపాడునుంచి సూర్యతేజ పాత ఎస్టీమ్ కారు తెచ్చాడు. చెరకు పండించే ఇంటి కుర్రాడు, కారు పిచ్చోడు. చేతిలో రెండు అట్టపెట్టెలు. ఒకదాంట్లో కోయంబత్తూరులో చేయించిన క్యామ్ షాఫ్టు, రెండోదాంట్లో దానికి బిగించాల్సిన నీలం రంగు గేరు.

ఇంజనులోకి గాలీ పెట్రోలూ వచ్చే తలుపుల్లాంటివి వాల్వులు. వాటిని తెరిచేవి క్యామ్ షాఫ్టు మీద గుబ్బలు. గుబ్బ ఎత్తు పెంచితే తలుపు ఇంకా లోతుకి, ఇంకాసేపు తెరుచుకుంటుంది, బండికి పరుగొస్తుంది. కాని పిస్టను పైకొచ్చే వేళకి తలుపు దారిలోనే ఉంటే రెండూ గుద్దుకుంటాయి. వాల్వు వంగిపోతుంది. ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో చెప్పేది ఆ నీలం గేరే. బోల్టులు వదులుచేసి దాని పళ్ళచక్రాన్ని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు.

"ఇలాటిది ఎప్పుడైనా బిగించేరా మావయ్యా?" అన్నాడు సూర్యతేజ.

"నేదు."

"మరి?"

"మరేటి. నాకూ సూడాలనుంది."

ఆదివారం చీడికాడ దగ్గర బీడు భూమిలో మట్టి రేసు. సూర్యతేజ పేరు ఇచ్చేశాడు. ఆ మోడలు కార్లు ఇప్పుడు తయారు కావు, వాల్వులు కూర్చునే ఆ హెడ్డు పోతే ఇంకోటి దొరకడం కష్టం. అంటే వాల్వులు వంగితే పోయేది రేసొక్కటే కాదు, అసలు కారే ఉండదు. ముచ్చటపడి ఒప్పుకున్నది వజీర్ కాబట్టి ఆ పాపం వజీర్‌దే.

శుక్రవారం పొద్దున్న షాఫ్టు కూర్చోబెట్టాడు. గేరు పెట్టె తెరిచాడు. అంచున ఒక పన్ను దగ్గర ఎరుపుకీ నారింజకీ మధ్య రంగులో చిన్న చుక్క. తయారుచేసినవాళ్ళే గుర్తు పెట్టి పంపారు, మంచిదే అనుకున్నాడు. ఆ చుక్కని ఇంజను మీద గుర్తుకి సరిగ్గా ఎదురు పెట్టి బెల్టు వేశాడు.

స్టార్టరు కొట్టేముందు పానా వేసి ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పడం ఆయన పద్ధతి. కింద రెండు చుట్లు తిరిగితేనే పైన క్యామ్ ఒక చుట్టు పూర్తిచేస్తుంది. పానా పట్టి తిప్పాడు. సగం చుట్టయినా తిరగలేదు. ఆగిపోయింది. ప్లగ్గులు తీసే ఉన్నాయి, లోపల గాలి ఒత్తిడి లేదు. మెత్తగా ఆగడం కాదు, గోడకి తగిలినట్టు ఆగింది.

"కొత్త సామాను గదా, బిగుతుగా ఉంటాది. కీ కొట్టీమంటారా?" అన్నాడు సూర్యతేజ.

"కొట్టు. కొట్టి, ఆ సప్పుడు ఇని, కారు తోసుకోని కోటపాడు ఎల్లిపో."

సూర్యతేజ కీ తీసి జేబులో వేసుకున్నాడు.

వజీర్ పానాని మెల్లగా వెనక్కి తిప్పి, స్టూలు లాక్కుని ఇంజను ఎదురుగా కూర్చున్నాడు. కింద గుర్తు సరిపోయింది. పైన చుక్క సరిపోయింది. బెల్టు పట్టు బాగుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఇది ఏటికి తగిలినట్టు?

"గేరు సేసినోడే తప్పు సేసేడు మావయ్యా. ఫోను సేసి కడిగీనా?"

"కడగడం తరవాత. ముందు సూద్దాం."

గేరు మళ్ళీ విప్పాడు. పాత గేరు తీసి దాన్ని కొత్తదాని మీద పెట్టి, రెండింటి పిన్ను రంధ్రాలూ కలిపి, షెడ్డు బయట ఎండలోకి పట్టుకెళ్ళాడు. పాతదాని గుర్తు ఎక్కడుందో అక్కడ కొత్తదాని మీద గోటితో వెతికాడు. తగిలింది. నీలం మీద సన్నగా చెక్కిన గీత, రంగు లేదు, ఏటవాలుగా చూస్తేగాని కనబడదు. చుక్క దానికి మూడు పళ్ళు అవతల ఉంది.

గీత నిజమైతే ఈ చుక్క ఏమిటి? బొటనవేలితో రుద్దాడు. సాగింది. వాసన చూశాడు. నువ్వులనూనె.

"ఒరే సూర్యా, ఇది రంగు కాదురా. ఈ పెట్టి ఇంటికాడ ఎవులు ఇప్పేరు?"

సూర్యతేజ తల్లి కనకమహాలక్ష్మికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. "అమ్మా, నీలం సక్రం ఒకటుంది గదా, దాన్నేటైనా సేసేవా?"

"నానేటీ సెయ్యనేదురా. బొట్టెట్టేనంతే. ఆంజనేయస్వామి సిందూరం నూనెలో కలిపి. కొత్త సామాను బొట్టు నేకుండా బండికెక్కిత్తారేటి."

వజీర్ ఫోను దగ్గరికి వంగాడు. "అక్కా, పళ్ళ మీదే ఏటికెట్టేవు?"

"దాని మొకం ఎటుందో నాకేటి తెలుసు తమ్ముడూ? గుండ్రంగా ఉంది. పైకి కనబడిన కాడ ఎట్టేను."

"పసుపైనా రాసుంటే పోల్చీదును గదా."

"ఇనపసామానికి పసుపేటి. నువ్వుగాని తుడిసీసేవా? పోటీకెళ్ళే బండిది, తుడిసేవంటే ఊరుకోను."

"తుడవకపోతే పోటీకెళ్ళడానికి బండుండదక్కా. నువ్వే రా. మొకం సూపిత్తాను, తీరిగ్గా ఎట్టుకుందూగాని."

ఆటో పట్టుకుని ఆవిడ వచ్చేసరికి వజీర్ సిందూరం తుడిచి, చెక్కిన గీత మీద గోళ్ళరంగు పెట్టి, గేరు బిగించి, పానాతో తిప్పుతున్నాడు. ఒక చుట్టు తిరిగింది. రెండోది తిరిగింది. ఎక్కడా తగల్లేదు. కనకమహాలక్ష్మిని ముందుకి పిలిచి, వాల్వుల మీద మూత చూపించాడు. "ఇదక్కా మొకం." ఆవిడ రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది.

అప్పుడు కీ కొట్టాడు సూర్యతేజ. ఇంజను కుంటుకుంటూ లేచింది. వజీర్ ఆపించి గేరుని రవ్వంత ముందుకి జరిపాడు. కుంటడం తగ్గింది, పరుగూ తగ్గింది. మళ్ళీ ఆపించి వెనక్కి జరిపాడు. మొదట కొంచెం మొరాయించింది గాని యాక్సిలరేటరు తొక్కేసరికి అరుపు మారిపోయింది.

"ఇది సాలు మావయ్యా," అన్నాడు సూర్యతేజ.

"ఉండరా. ఇంకొంచెం ఎనక్కి లాగితే ఏటవుద్దో సూడొద్దా," అంటూ మళ్ళీ బోల్టు మీద పానా వేశాడు. చీకటి పడేదాకా వదల్లేదు.

ఆదివారం సూర్యతేజ గెలవలేదు. మలుపులో కారుని మట్టిగట్టు మీదికి ఎక్కించాడు. అది అతని చేతి తప్పు. ఇంజను మాత్రం గట్టు మీద కూడా అరుస్తూనే ఉంది. అదే కారు నడుపుకుంటూ ఇంటికెళ్ళాడు.

సోమవారం వజీర్ పెళ్ళయ్యాక మొదటిసారి ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి, సొంతంగా ఒక గోళ్ళరంగు సీసా కొన్నాడు. చిలకపచ్చది. సుగ్రా బేగం దాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

"ఈ రంగు ఎవులేసుకుంటారు?"

"ఎవులూ ఏసుకోరు. బొట్టూ ఎట్టరు. అందుకే తెచ్చేను."

"అయితే నా ఎర్రది నాకిచ్చీ."

వజీర్ ఎర్ర సీసా తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ మూత తిప్పి లోపలికి చూసింది. ఒక్క చుక్క కూడా లేదు.