తాగకుండా చెప్పిన మాట

కథలాపూర్ గౌండ్ల భూమయ్య నలభై ఏళ్లు తాడి చెట్లెక్కి కల్లు గీశాడు, ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు. అలాంటి మనిషి కొడుకును పట్టుకుని సిరిసిల్లలో పదిమంది ముందు "కల్లు తాగి పని చేసిండు" అన్నాడొక ప్రబుద్ధుడు. ఆ ప్రబుద్ధుడి పేరు మహేందర్. మాట పడ్డ కొడుకు వీరేందర్. ఇది ఆరేళ్ల కిందటి సంగతి. ఈ ఆరేళ్లలో వీరేందర్ పెళ్లి చేసుకున్నాడు, కోరుట్లలో ఒక ఆస్పత్రి కంప్యూటర్లు చూసే ఉద్యోగం సంపాదించాడు, మనిషి కాస్త లావయ్యాడు కూడా. ఆ మాటను మాత్రం మింగలేదు.

పదో తరగతి సెలవుల్లో భూమయ్య కొడుక్కి చెట్టెక్కడం నేర్పాడు. నడుముకు చుట్టుకునే తాడు మోకు. "ఎక్కేటప్పుడు మోకు ముందు, కాళ్లు తర్వాత. దిగేటప్పుడు కాళ్లు ముందు, మోకు తర్వాత. తిర్గేసినవనుకో, కిందవడి నడుమిర్గుతది" అని చెప్పాడు. వీరేందర్ గీత పని చేయలేదు, కంప్యూటర్లలోకి పోయాడు. కానీ ఆ ముక్క మాత్రం మరచిపోలేదు.

ఎందుకంటే సర్వర్ డిస్కుల పనిలోనూ అదే వరస. డిస్కులో ఒక భాగానికి హద్దు గీస్తారు, దాన్ని వాల్యూమ్ అంటారు. ఆ హద్దు లోపల ఫైళ్లను సర్దిపెట్టేది ఫైల్ సిస్టమ్. పెంచాలంటే ముందు హద్దు జరపాలి, తర్వాత ఫైల్ సిస్టమ్‌ను సాగదీయాలి. ఇది జనం వాడుకుంటుండగానే చేయొచ్చు, ఎవరికీ తెలియదు. తగ్గించాలంటే తిరగేసి చేయాలి. ముందు పని ఆపి ఫైల్ సిస్టమ్‌ను కుదించాలి, ఆ తర్వాతే హద్దు. ముందే హద్దు కోశావా, బయట పడ్డ ఫైళ్లు మన్నులో కలిసినట్టే.

సిరిసిల్లలో మరమగ్గాలకు చీరల డిజైన్లు గీసిచ్చే ఆఫీసులో మహేందర్ సీనియర్, వీరేందర్ జూనియర్. ఒకరోజు మహేందర్ అందరూ పని చేస్తుండగా ముందే హద్దు కోసేశాడు. రెండేళ్ల డిజైన్లు పోయాయి. వారం రోజులు సాంచాలు, అంటే ఆ మరమగ్గాలు, ఆగాయి. మగ్గం మీద బతికే వాళ్లు ఆఫీసు ముందుకొచ్చి శాపనార్థాలు పెట్టారు. ఆఫీసు నడిపే సేటు కేకలేస్తే, మహేందర్ తన మీద ఈగ వాలనీయకుండా వీరేందర్ వైపు చెయ్యి చూపించాడు. "గౌండ్లోళ్ల పోరడు గద సేటూ, పొద్దుగాలనే తాగచ్చిండు. వాడే నొక్కిండు."

సేటు నమ్మాడు. ఎందుకు నమ్మడు, కులం చెప్పాక సాక్ష్యం ఎందుకు? వీరేందర్ ఆ రోజే బస్సెక్కాడు. అతనికన్నా ముందే మాట కథలాపూర్ చేరింది. భూమయ్య ఏమీ అడగలేదు. కొడుకు దగ్గరికొచ్చి నోటి వాసన కూడా చూడలేదు. కానీ ఆ తర్వాత ఎవరి పెళ్లికి పిలిచినా సిరిసిల్ల గడప తొక్కలేదు. ముసలాయన అలా మూగగా ఉండిపోవడమే వీరేందర్‌ను కాల్చింది. దొరకాలి, ఒక్కసారి చేతికి దొరకాలి అనుకునేవాడు. పగకు ముద్దుపేరు పెట్టే పనేముంది, అది పగే.

దొరికాడు. ఈ మధ్య జగిత్యాలలో డాక్టర్ సుస్మిత నడిపే స్కానింగ్ సెంటర్ నుంచి వీరేందర్‌కు ఫోనొచ్చింది. రిపోర్టుల వాల్యూమ్ నిండిపోతోందనీ, సిస్టమ్ చూసే మనిషి ఒక రోజంతా సెంటర్ మూయాలంటున్నాడనీ, కడుపుతో ఉన్నవాళ్లను వాపసు పంపలేననీ ఆమె చెప్పింది. వీరేందర్ సంచిలో కొత్త డిస్కు పెట్టుకుని పొద్దున పదింటికి దిగాడు. సర్వర్ గదిలో కుర్చీలో కూర్చున్నది మహేందర్.

"ఓ, నువ్వా తమ్మీ" అన్నాడు మహేందర్. ఎంత చల్లగా అన్నాడో చూడండి! "కొత్త డిస్క్ ఎందుకే? పాత స్కాన్ల వాల్యూమ్‌ల రెండు వందల జీబీ ఖాళీగున్నది. గా జాగ కోసి దీనికి కలుపుత. మేడం బందువెట్టద్దన్నది గద, రెండు నిమిషాలల్ల అయిపోతది."

"బ్యాకప్ ఉన్నదా అన్నా?"

"ఉంటది తియ్యి."

వీరేందర్ ఇంకేదో అడిగేలోపే మహేందర్ కమాండ్ కొట్టేశాడు. స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చింది. ఈ వాల్యూమ్ వాడకంలో ఉంది, తగ్గిస్తే డేటా నాశనం కావచ్చు, నిజంగా తగ్గించాలా అని అడుగుతోంది. అవునంటే వై, కాదంటే ఎన్.

మహేందర్ వేలు వై మీదికి వెళ్లింది. వీరేందర్ నోరు తెరవలేదు. తెరవకపోతే చాలు, ఆరేళ్ల పగ ఒక్క అక్షరంతో తీరిపోతుంది. వీడు మునుగుతాడు, ఈసారి నేరం తోయడానికి గౌండ్లోళ్ల పోరడు దొరకడు. మనసు మునుగు, మునుగు అని అరిచింది. అంతలో తలుపు అవతల ఒకామె నర్సును అడుగుతోంది: "అమ్మా, నా పోయిన నెల స్కానింగ్ గిందులనే ఉన్నది గద? డాక్టరమ్మ రెండూ కలిపి సూడాలన్నది."

వీరేందర్ చటుక్కున మహేందర్ మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. "మేడం, ఒక్కసారి లోపలికి రండి" అని పిలిచాడు. డాక్టరమ్మ వచ్చాక హెచ్చరికను తెలుగులో చదివి వినిపించాడు.

"గిప్పుడు చెప్పు అన్నా. తగ్గించేటప్పుడు ఏది ముందు, ఏది తర్వాత?"

మహేందర్ స్క్రీన్ చూశాడు, నేల చూశాడు.

"ఎరుక లేదా? సరే. సిరిసిల్లల గూడ గిదే ప్రశ్నచ్చింది. గా రోజు వై ఎవలు నొక్కిండ్రు?"

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకు తమ్మీ..."

"ఎందుకా? నా బాపు ఆరేండ్ల సంది తలకాయ దించుకొని తిరుగుతున్నడు, గందుకు. చెప్పకుంటె నేను పోత, వై నువ్వే నొక్కుకో."

ప్రశ్న స్క్రీన్ మీద అలాగే ఉంది. డాక్టరమ్మ చేతులు కట్టుకుని మహేందర్‌నే చూస్తోంది. మహేందర్ కీబోర్డు అవతలికి జరిపాడు. "నేనే నొక్కిన."

"తాగిందెవలు?"

"ఎవ్వలు తాగలే. భయపడి నీ మీద చెప్పిన."

వీరేందర్ ఎన్ నొక్కాడు. ముందు అన్నిటికీ నకలు తీశాడు, ఆ నకలు తెరుచుకుంటోందో లేదో నాలుగు స్కాన్లు చూసుకున్నాడు. కొత్త డిస్కు తగిలించి రిపోర్టుల హద్దు పెంచాడు, తర్వాత ఫైల్ సిస్టమ్ సాగదీశాడు. మోకు ముందు, కాళ్లు తర్వాత. బయట స్కానింగ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

మహేందర్ చెయ్యి చాపాడు. "ఇగ అయిపోయింది గద?"

"కాలే" అన్నాడు వీరేందర్, ఆ చెయ్యి ముట్టుకోకుండా. "మా ఇజ్జత్ పదిమందిల తీసినవు. నాలుగు గోడల నడుమ ఒప్పుకుంటె సరిపోదు. కథలాపూర్ వచ్చి మా బాపు ముందు చెప్పు."

డాక్టరమ్మ అతని పక్షానే నిలిచింది. "చెప్పొచ్చినంకనే డ్యూటీకి రండి మహేందర్ గారూ" అంది.

ఆదివారం మహేందర్ కథలాపూర్‌లో బస్సు దిగాడు. కల్లు అమ్మే మండువాలో భూమయ్యతో కలిపి నలభై మంది కూర్చున్నారు. మధ్యలోకి వచ్చి, మొహం తుడుచుకుని, మళ్లీ బస్సు దిగిన వైపే చూశాడు. ఎవరో జాలిపడ్డారు. "పాపం, ఒక సీసా ఇయ్యిండ్రి, ధైర్నమత్తది" అని కల్లు సీసా ముందుకు చాపారు.

భూమయ్య లేచాడు. ఆరేళ్లుగా దించుకున్న తల ఎత్తి, ఆ సీసా తన చేతిలోకి లాక్కున్నాడు.

"ఒక్క సుక్క పొయ్యకుండ్రి" అన్నాడు. "తాగకుంట చెప్పాలె. లేకుంటె రేపు వీడే, తాగి ఒప్పుకున్న అంటడు."